ఉడకని గింజ

విత్తనాల గిడ్డంగిలో పనిచేసే అక్కకి లోకం ఆకలి గురించి ఉన్న బెంగలో పావు వంతు కూడా సొంతవాళ్ల ఆకలి గురించి ఉండేది కాదు. ఆ చుట్టుపక్కల చిక్కుడు పాదులన్నీ వేరుకుళ్లు తెగులుతో చచ్చాయి. ఆ తెగులుకి లొంగని రకం ఒక్కటే మిగిలింది. అదీ ఆవిడ గిడ్డంగిలో, ఒక్క సీసాడు.

తొలకరికి ముందు తమ్ముడు ఇంటికొచ్చి కాళ్లావేళ్లా పడ్డాడు.

"పది గింజలియ్యక్కా. ఈ పంట కూడా పోతే పొలం దక్కదు."

"నీకిస్తే రేపు ఇంకొకడొస్తాడు. ఇవి ముందుముందు లోకమంతా తినాల్సినవిరా, నీ సొత్తు కాదు."

అక్కడితో ఊరుకుందా? నీకు సేద్యం చేతకాదని నాలుగు చీవాట్లు కూడా పెట్టింది. వాడు తలొంచుకుని వెళ్లిపోయాడు. అక్కతోనే ఉండే చెల్లెలు వంటగదిలోంచి అంతా వింది.

వానలు వెళ్లాక గిడ్డంగిలో శీతలయంత్రం చెడిపోయింది. బాగయ్యేదాకా సీసాని అక్క ఇంటికి తెచ్చి, ఫ్రిజ్‌లో పాలగిన్నె వెనక దాచింది. ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానని చెల్లెలికి చెప్పింది.

ఆదివారం భోజనంలోకి ఉల్లిపాయ వేసి ఉడికించిన చిక్కుడు గింజలు. అక్క లొట్టలేసుకుంటూ తింది, మారు వడ్డించుకుంది.

"ఇన్నాళ్లకి నీ చేతికి రుచి తెలిసిందే! ఏ కొట్లో దొరికాయి?"

"కొట్లోవి కావు. నీ సీసాలోవి."

అక్క నవ్వబోయి, చెల్లెలి మొహం చూసి ఆగిపోయింది. కడిగిన సీసా గట్టుమీద బోర్లించి ఉంది.

"ఎంత పని చేశావే!"

"తమ్ముడు నిన్న పొలం అమ్మేశాడు. లారీలకి మూటలెత్తడానికి పోయాడు. ఆ రోజు పది గింజలిచ్చుంటే ఈపాటికి వాడి పొలంలో పాదులుండేవి, నీ లోకానికీ విత్తనం మిగిలేది. ఇంకెవరి కోసం దాచాలని వండేశా."

ఆ మాట నిజం. అక్క గబుక్కున లేచింది. కుండలో చెయ్యి పెట్టి ఒక్కో గింజనీ నొక్కి చూసింది. అన్నీ మెత్తగా నలిగిపోతున్నాయి. అడుగున ఒక్కటి మాత్రం నలగలేదు, రాయిలా ఉంది.

"ఇది ఉడకలేదే! బతికే ఉంటుంది! తమ్ముడికే ఇస్తా, వాడి చేతే నాటిస్తా, ఒట్టు!" ఏడుస్తూ నవ్వింది.

"ఏదీ, చూడనీ," అని చెల్లెలు చెయ్యి చాపింది. అక్క ఇచ్చింది.

చెల్లెలు దాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. నోట్లో వేసుకుని పటుక్కున కొరికింది. నిదానంగా నమిలి మింగి, కంచాలు తీసింది.