ఫార్మాటైన పెండ్లి

జొన్నరొట్టె తడుతుంటే కుడి మణికట్టు దగ్గర నరం జివ్వుమంది. లావణ్య చెయ్యి విదిలించి మళ్లీ తట్టింది. రొట్టె అంచు చీలింది.

"పొద్దంతా కుర్చీలో కూసుంటే చేతులకు బలం యాడ వస్తాది?" అంది వెనక నుంచి అత్త ఉచ్చీరమ్మ.

కుర్చీలో కూర్చోవడమంటే లావణ్య చేసే పనికి ఆ ఇంట్లో ఉన్న పేరు. ఎమ్మిగనూరులో వాళ్ల ఇంటి ముందు గదే 'వీరేష్ డిజిటల్స్'. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లకు వెళ్లి ఫోటోలు తీసేది భర్త వీరేష్. తీసుకొచ్చి కంప్యూటర్లో పోశాక మిగతాదంతా లావణ్యదే. ఒక్కో ఫోటో తెరవాలి, సైజు తగ్గించాలి, మూలన స్టూడియో పేరు వెయ్యాలి, సేవ్ చేసి మూసి ఇంకోటి తెరవాలి. ఒక పెళ్లికి వేల ఫోటోలు. మధ్యలో పాలు పొంగుతాయి, గిరాకీ వస్తుంది, అత్త పిలుస్తుంది. లేచి వెళ్లి వచ్చి మళ్లీ మౌసు పట్టుకోవాలి. ఆమె బీఎస్సీ కంప్యూటర్స్ చదివిందని తెలిసి ఎవరైనా అడిగితే వీరేష్ నవ్వి, "ఇంట్లో ఊరికే ఉంటాది గదా, అట్ల సాయం జేస్తాది" అంటాడు. చెయ్యి నొస్తోందని చెప్పిన రోజు మాత్రం నవ్వలేదు. "మౌసు నొక్కితే చెయ్యి నొస్తాదా ఎవరికన్నా? మా అమ్మ బతుకంతా పత్తి తీసిన మనిషి. ఒక్కనాడన్నా నొస్తాదని సెప్పిందా?" అన్నాడు. చెప్పలేదు, నిజమే. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వంటింటి గడప మీద కూర్చుని ఉచ్చీరమ్మ తన వేళ్లకు తానే ఆముదం రుద్దుకోవడం లావణ్య చూసింది. నొస్తుందా అని ఆమెనూ ఎవరూ అడిగి ఉండరు.

ఆ కంప్యూటర్లో విండోస్ కాదు, లినక్స్ ఉంది. గిరాకీలు తెచ్చే పెన్‌డ్రైవుల్లోంచి వైరస్‌లు వచ్చి పాతది రెండుసార్లు కూలబడితే, ఆదోనిలో కంప్యూటర్లు బాగుచేసే జయరాం దీన్ని వేసి ఇచ్చాడు. బొమ్మ మీద నొక్కితే అన్నీ తెరుచుకునేలా సర్ది పెట్టాడు. ఒకసారి వీరేష్ వేళ్లు ఏ మీటల మీద పడ్డాయో, కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరుచుకుంది. తెరంతా నలుపు. అందులో ఏ బొమ్మా లేదు, బటనూ లేదు, ఒక చిన్న గీత మాత్రం ఆరిపోతూ వెలుగుతూ ఉంది. అతను భయపడి మిషన్ మొత్తం ఆపేశాడు. "దీని జోలికి పోవద్దు. ఒక్క అక్షరం తప్పు కొడితే అన్నీ తుడిసిపెట్టుకు పోతాయంట" అన్నాడు.

ఆ గీత లావణ్యకు పాత పరిచయం. ఆదోని కాలేజీ ల్యాబులో ఒక్కో కంప్యూటర్‌కి నలుగురు. కీబోర్డు ముందు మగపిల్లలు కూర్చునేవాళ్లు, ఆడపిల్లలు వెనక నిలబడి చూసి రాసుకునేవాళ్లు. పరీక్షలో మార్కులు మాత్రం రాసుకున్నవాళ్లకే ఎక్కువ వచ్చేవి. కాలేజీ వదిలేనాటికి కమాండ్లన్నీ ఆమెకు నోటికొచ్చు. వేళ్లకే రావు.

చెయ్యి ఇక మౌసు పట్టుకోలేనన్న రోజున, వీరేష్ ఏదో పెళ్లికి వెళ్లిన మధ్యాహ్నం, ఆమె ఆ నల్ల తెర తెరిచింది. నాలుగు ఫోటోలు విడిగా పెట్టుకుని, భయం భయంగా ఒక లైను కొట్టింది. ఈ ఫోల్డర్లో ఉన్న ప్రతి ఫోటో సైజు తగ్గించు, మూలన పేరు వెయ్యి, పక్క ఫోల్డర్లో పెట్టు. ఎంటర్ నొక్కింది. తప్పని వచ్చింది. ఎక్కడ తప్పో కూడా చెప్పింది. దిద్ది మళ్లీ కొట్టింది. నాలుగూ వరుసగా తయారై కూర్చున్నాయి. తర్వాత పెళ్లి ఫోటోలన్నీ అట్లాగే ఇచ్చింది. స్టవ్ మీద టీ కాగేలోపు సగం అయిపోయింది. లావణ్యకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్లు తను ఎవరో పేర్చిపెట్టిన బొమ్మల్లోంచి ఏరుకుంటూ కూర్చుంది. పుట్టింట్లో ఇద్దరు పెళ్లికొడుకుల ఫోటోలు చూపించి ఎవరు కావాలో చెప్పమన్నారు, పెళ్లే వద్దని చెప్పే చోటు అక్కడ లేదు. ఈ తెర ఏమీ చూపించదు. నీకేం కావాలో నువ్వే చెప్పమని ఎదురుచూస్తుంది. తప్పుగా చెబితే కసురుకోదు, మళ్లీ చెప్పమంటుంది.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పని తొందరగా అవుతుందని తెలిస్తే ఇంకో పని తెచ్చి ఒళ్లో పోస్తారని తెలుసు. మిగిలిన పొద్దంతా ఆ తెర ముందే కూర్చుని, ఒక్కో కమాండు గురించి చదువుకుంటూ, చేసి చూసుకుంటూ ఉండేది. ఇంట్లోవాళ్లకు ఆమె ఎప్పటిలాగే కుర్చీలో కూర్చుని కనిపించేది.

మిరప కోతలు మొదలయ్యే రోజుల్లో కోసిగిలో ఎల్లప్ప కూతురి పెళ్లి జరిగింది. ఎల్లప్ప, అతని భార్య గౌరి ఏటా గుంటూరు దిక్కు సుగ్గికి, అంటే కూలికి వలస వెళ్లి, కోతలు అయ్యేదాకా అక్కడే గుడిసెలు వేసుకుని ఉంటారు. బిడ్డ అత్తగారింటికి, వీళ్లు సుగ్గికి. "బండి ఎక్కేలోపల ఫోటోలన్నీ నా ఫోన్లో ఎయ్యప్పా. ఆడ బిడ్డ మొగమన్నా సూసుకుంటా" అని గౌరి పెళ్లి పందిట్లోనే వీరేష్‌ని అడిగింది.

పెళ్లి మరునాడు వీరేష్ కెమెరాలోని కార్డు తీసి కంప్యూటర్లో పెడితే తెరుచుకోలేదు. రెండుసార్లు తీసి పెట్టాడు. విసుగొచ్చి దాని బొమ్మ మీద కుడి బటన్ నొక్కాడు. వరుసగా నాలుగైదు మాటలు వచ్చాయి, అందులో ఫార్మాట్ ఒకటి. అదేదో కార్డును బాగుచేసేదనుకున్నాడు. నిజంగానే చెయ్యమంటావా అని అడిగితే, అవునని నొక్కాడు. కార్డు ఈసారి చక్కగా తెరుచుకుంది. లోపల ఏమీ లేదు.

వీరేష్ ఎల్లప్పకు ఫోన్ చేసి కార్డు చెడిపోయిందన్నాడు. అవతల గౌరి ఏడుపు వంటింటిదాకా వినిపించింది. అతను బండి తాళాలు తీసుకుని, "ఫార్మాట్ కొట్టినా, అన్నీ పోయినాయి. ఆదోనికి పోయి జయరామన్నను కనుక్కోనొస్తా. నువ్వు దాన్ని ముట్టుకోవద్దు" అన్నాడు.

బండి చప్పుడు దూరమయ్యాక లావణ్య కార్డు వైపు చూసింది. ఫార్మాట్ చేస్తే ముందు పోయేది ఏది ఎక్కడుందో చెప్పే గుర్తులేనని, దాని మీద కొత్తవి రాయనంతవరకు ఫోటోలు లోపలే ఉండొచ్చని చదివింది. చదవడం వేరు. ముందు కార్డును ఉన్నదున్నట్టు కంప్యూటర్లోకి నకలు తియ్యాలి. ఆ లైనులో ఎక్కడి నుంచి, ఎక్కడికి అనే రెండు మాటలు తారుమారైతే కార్డే పూర్తిగా తుడిచిపెట్టుకుపోతుంది. వీరేష్ భయం ఉత్త భయమేమీ కాదు. ఆమె లైను కొట్టింది. పైకి చదివింది. వేలు ఎంటర్ మీద పెట్టి, తీసి, మళ్లీ చదివింది.

"ఏమి జేస్తాండావు మే?" ఉచ్చీరమ్మ గుమ్మంలో నిలబడింది. "వాడు ముట్టుకోవద్దని సెప్పి పోయినాడే."

"అత్తా, ఫోటోలు లోపలే ఉండాయేమో. నాకు తియ్యనీకి వస్తాదనుకుంటాండా. తప్పు పోతే ఉండేవి కూడా పోతాయి."

ఉచ్చీరమ్మ ఆ నల్ల తెరనూ, కోడలి మొహాన్నీ చూసింది. "ఎట్లాగూ పోయినాయంటాండారు గదా. ఇంక పోయేదేముంది? నువ్వు లేయొద్దు. రొట్టెలు నేను తట్టుకుంటా."

లావణ్య ఎంటర్ నొక్కింది.

నకలు పూర్తయ్యాక, కార్డు తీసి పక్కన పెట్టి, ఆ నకలు మీద ఫోటోలు వెతికే ప్రోగ్రాం నడిపించింది. దానికీ బొమ్మ లేదు, నల్ల తెరలోనే అడుగుతుంది, నల్ల తెరలోనే చెబుతుంది. దొరికిన ఫోటోల అంకె కదలడం మొదలైంది. ఆత్రం ఆపుకోలేక మొదటివి తెరిచి చూసింది. అవి హాలహర్విలో నిరుడు జరిగిన గృహప్రవేశం ఫోటోలు. కార్డులో ఎప్పుడో తుడిచేసినవి అడుగు నుంచి లేచి వస్తున్నాయి. ఎల్లప్ప కూతురు లేదు. ఇంకో పది తెరిచింది. లేదు. వంటింట్లోంచి రొట్టె తట్టే చప్పుడు వస్తోంది. అంకె పెరుగుతూ ఉంది. మళ్లీ ఒకటి తెరిచింది. పసుపు నీళ్లు కారుతున్న ముఖంతో, కళ్లు గట్టిగా మూసుకుని, ఎల్లప్ప కూతురు నవ్వుతూ ఉంది.

"అత్తా!" అని అరిచింది లావణ్య. ఉచ్చీరమ్మ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

వచ్చిన ఫోటోలకు పేర్లు లేవు, వరుస లేదు. తాళి తర్వాత పసుపు, పసుపు తర్వాత అప్పగింతలు. తీసిన సమయం ప్రతి ఫోటోలోనూ దాగి ఉంటుంది గనక, దాన్నిబట్టి వరుస పెట్టమని ఇంకో లైను కొట్టింది. పెళ్లి మళ్లీ మొదటి నుంచి జరిగింది. ఆ తర్వాత టెర్మినల్ పక్కకు జరిపి మౌసే పట్టుకుంది. చెడిపోయినవి, మసకబారినవి ఏరి తీసెయ్యాలంటే కంటితో చూడాల్సిందే. నొప్పి ఉంది. అయినా ఆ పని ఇష్టంగా చేసింది.

పొద్దు వాలుతుండగా ఎల్లప్ప, గౌరి పోట్లాటకే వచ్చారు. మెట్ల మీదే ఎల్లప్ప గొంతు పెద్దదైంది. "యాడ నీ మొగుడు? మా బిడ్డ పెండ్లి మల్ల జేస్తాడా?"

"కూసోన్నా. అక్కా, నీ ఫోన్ ఇట్లియ్యి" అంది లావణ్య.

వీరేష్ ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి గౌరి నేల మీద కూర్చుని, ఫోన్ను మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఒక్కో ఫోటో వేలితో జరుపుతూ ఏడుస్తూ నవ్వుతోంది. "నీ పుణ్యమప్పా, అన్నీ వచ్చినాయి!" అన్నాడు ఎల్లప్ప లేచి నిలబడి.

వీరేష్ ఒక్క క్షణం తెల్లబోయాడు. అంతలోనే తేరుకున్నాడు. "అదేన్నా, ఆదోనిలో కనుక్కోని ఎట్ల జేయాల్నో ఫోన్లో సెప్పినా. ఈయమ్మ నొక్కింది, అంతే."

ఇట్లాంటి మాటలు విన్నప్పుడల్లా లావణ్య చిన్నగా నవ్వి లోపలికి వెళ్లిపోయేది. గిరాకీల ముందు భర్త పరువు ఆమె చేతిలో ఉంటుందని పెళ్లప్పుడే ఎవరో చెప్పారు. తన పరువు ఎవరి చేతిలో ఉంటుందో మాత్రం చెప్పలేదు.

"లేదన్నా," అంది ఎల్లప్పతో, గొంతు పెంచకుండా. "ఆయన ముట్టుకోవద్దన్నాడు. నేను ముట్టుకున్నా."

ఉచ్చీరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "నేను ఈడే ఉండా. నా కండ్లతో సూసినా. అంతా అదే జేసింది" అంది కొడుకు మొహంలోకి చూస్తూ.

కోసిగి నుంచి ఈ మాట పెళ్లిళ్ల వెంట ఊరూరా తిరిగింది. కొన్నాళ్లకు ఆదోనిలో పెద్ద స్టూడియో నడిపే ఒకాయన ఫోన్ చేశాడు. వాళ్ల దగ్గరా ఒక కార్డులో ఫోటోలు పోయాయి. వీరేష్ ఫోన్ చెవిన పెట్టుకుని, "పంపియన్నా, నేను జేపిస్తా లే" అంటున్నాడు.

లావణ్య చెయ్యి చాచింది. అతను ఎందుకో ఏమిటో అనుకునేలోపే ఫోన్ తీసుకుంది.

"అన్నా, నేను లావణ్యను. కార్డు పంపియ్యి, దాంట్లో కొత్త ఫోటోలు తియ్యొద్దు. ఒక మాట. ఈ పని వీరేష్ డిజిటల్స్‌ది కాదు, నాది. నా నంబరు సెప్తా రాసుకో. మాట నాతోనే, కూలీ నాకే."

"అట్లనే కానీమ్మా. నాకు పని కావాల గాని" అన్నాడు స్టూడియో ఆయన.

ఆమె నంబరు చెప్పి ఫోన్ తిరిగి ఇచ్చింది. వీరేష్ కోప్పడదామని చూశాడు, గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. చివరికి చిన్న గొంతుతో అడిగాడు.

"మరి మన ఆల్బంలు ఎవరు జేస్తారు?"

లావణ్య కుర్చీలో సర్దుకుని కూర్చుంది. నల్ల తెర తెరిచింది. పక్కనున్న స్టూలు కాలితో అతని వైపు జరిపింది.

"కూసో. నేర్పిస్తా."