మెడముక్క

మెడ దగ్గర కత్తి దిగగానే అతడు మోచేత్తో బలంగా అదిమాడు. మనిషంత చేప బల్లమీద అడ్డంగా పడి ఉంది. ముందు తల పోవాలి, తర్వాత తోక, ఆపైన చర్మం. జనం వచ్చేసరికి ఆ చేప ఎంత పెద్దదో చెప్పే ఆనవాలేదీ బల్లమీద మిగలకూడదని యజమాని హుకుం. పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువని, గర్భిణులకు అమ్మొద్దని తనిఖీవాళ్ళు బజారంతా చెప్పి వెళ్ళినప్పటినుంచి ఆయన మొహం మాడ్చుకునే ఉంటున్నాడు.

బజారులో అతణ్ణి అందరూ మెడముక్క అనే పిలుస్తారు. కోసినవాడికి తల వెనక కండ ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. కొవ్వుపట్టిన మెత్తని ముక్క. అది తినే అతని భార్య దుక్కలాంటి కొడుకుని కన్నది. ఆమె పోయి చాలా కాలమైంది. వేళ్ళనిండా గాట్లు పడి, నడుం వంగి, చొక్కాకి పట్టిన నీచు ఏ సబ్బుకీ వదలక, ఆ మనిషి బతుకులో గర్వంగా ఇంటికి తెచ్చిందల్లా ఆ ఒక్క ముక్కే. అది విషమంటే ఒళ్ళు మండదూ! పాదరసమైతే మెరవాలి కదా అని అతని వాదన. జ్వరం చూసే గొట్టంలో కళ్ళారా చూశాడట. కండలో కలిసిపోయింది మెరవదని, కడిగినా ఉడికించినా పోదని కోడలు చెప్పి చూసింది. చెవిన వేసుకుంటేగా!

కోడలికి ఆరో నెల. డాక్టరమ్మ చేపలు మానమనలేదు, చిన్నవి తినమంది, అంతే. దానికి మామగారు ఇంతెత్తున లేచాడు. చివరికి, మంచు లారీ నడిపే కొడుకు తేల్చి చెప్పేశాడు: ఇంకొక్కసారి ఆ ముక్క ఇంటికొస్తే వేరు కాపురం పెట్టేస్తానని.

పొద్దెక్కాక కడుపుతో ఉన్న ఒకామె బల్ల ముందు నిలబడి, ఇది చిన్న చేపేనా అని అడిగింది. యజమాని పక్కనుంచి గుడ్లురిమి చూస్తున్నాడు.

"చిన్నదేనమ్మా, పట్టుకెళ్ళు," అన్నాడతడు.

ఆమె నమ్మి తీసుకుపోయింది. అంత సులువుగా నమ్మింది! సిగ్గుతో చావాల్సిన చోట ఆ దౌర్భాగ్యుడికి ఉపాయం తట్టింది.

బల్ల కడిగాక తన వంతు మెడముక్క ముందేసుకుని కూర్చున్నాడు. చర్మం ఒలిచాడు, ఎముక ఊడబెరికాడు, వేలెడంత ముక్కలు కోశాడు. ఎంత ఒద్దికగా కోశాడో! మనవడికోసమే అనుకుంటూ కోశాడు. ప్రేమ లేదని ఎవరన్నారు? ఆ ప్రేమతోనే వచ్చింది చిక్కంతా.

ఇంటికెళ్ళి పొట్లం వంటగట్టుమీద పెట్టి, చిన్నవే తెచ్చానన్నాడు. కోడలి మొహం విప్పారింది. మామయ్య నా మాట విన్నారని మొగుడికి మురిసిపోతూ చెప్పింది. కూర తనే వండి, ముందు మామగారికే వడ్డించింది. అతడు తలొంచుకుని తిన్నాడు.

ఆమె ఒక ముక్క నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలి మింగింది. రెండోది వేళ్ళతో విరిచింది. ఆపైన ఇంకోటి.

"మామయ్యా, చిన్న చేపకి ముల్లుండదా?"

అతడు తలెత్తలేదు.

"మంచిదేనమ్మా అది. మీ అత్తయ్య అదే తిని..."

"నన్ను మోసం చేస్తే చేశారు. లోపలున్నదేం చేసింది మీకు?"

కొడుకు కంచం ముందునుంచి లేచాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది, అరిచే కొడుకుతో ఎలా మాట్లాడాలో అతనికి తెలుసు. బట్టలు సంచిలో కుక్కుకోవడం, కోడలు చెప్పులేసుకోవడం, లారీ తలుపు పడటం అన్నీ అన్నం చల్లారేలోగానే అయిపోయాయి. వెళ్ళొస్తామని ఎవరూ అనలేదు.

లారీ మలుపు తిరిగాక కూడా అతడు గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చాడు. కోడలి కంచం నేలమీద అలాగే ఉంది. అందులో ముక్కలన్నీ పొరపొరగా విప్పేసి ఉన్నాయి, ఒక్క ముల్లయినా దొరుకుతుందేమోనని చివరిదాకా వెతికినట్టు.