చమోర్రో మాస్టారి పాట

పెద్ద వరద వచ్చిపోయిన తర్వాత నాలుగో ఏడాది అది. పరానా నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో పెళ్లిళ్లూ చావులూ పిల్లల వయసులూ అన్నీ వరద నుంచే లెక్క. ఆ ఏడాది ఎండాకాలం మొదట్లో రిబెరా ఫుట్‌బాల్ క్లబ్బు కోచ్ నొర్బెర్తో చమోర్రో వెళ్లిపోతున్నాడని కబురు తెలిసింది. దూరపు ఊరికి పోతే ఎవరికీ అంత బాధ ఉండేది కాదు. వంతెన దాటి అవతలి ఒడ్డు క్లబ్బుకు పోతున్నాడు. అవతలి ఒడ్డు మాటెత్తితే ఈ ఒడ్డున కుక్కలు కూడా మొరుగుతాయి.

ఆఖరి ఆటకు ముందురోజు రూఫినో ఇంటి ముందు నలుగురు చేరారు. రూఫినో ఆటల్లో జనం కూర్చునే స్టాండులో పెద్ద డోలు కొట్టేవాడు. నీళ్ల పైపు ముక్కతో కొట్టేవాడు. డెబ్బై దాటినా అతని చోటు ఎవరూ అడగలేదు. డోలు ఎత్తుకుంటే పాట మొదలవుతుంది. పాట అయ్యేదాకా డోలు ఆగదు. మధ్యలో ఆగిందంటే స్టాండులో ఎవరో కుప్పకూలారని అర్థం. అప్పుడు అందరూ నోరు మూసి దారి ఇవ్వాలి. అది అక్కడి కట్టుబాటు.

"తాతా, రేపు గట్టిగా వాయించాలి. ద్రోహిని సాగనంపాలి" అన్నాడు కప్ప. అసలు పేరు వేరే ఉంది. గుడ్లు బయటికి ఉంటాయి కాబట్టి అందరికీ కప్పే. స్టాండులో కుర్రకారంతా అతని మాట వింటారు.

"మనల్ని పై డివిజన్‌కి ఎక్కించింది నీ మేనమామా?" అంది రూఫినో భార్య డెల్మిరా, మాతే ఆకు కషాయం బుర్ర కప్ప చేతికిస్తూ.

"ఎక్కించాడు అవ్వా, కాదన్లే. నిరుడు అవతలోళ్ల మీద అందర్నీ గోలు ముందు కుక్కి ఓడించింది కూడా ఆయనేగా."

"అంతకు ముందేడు ఆయన ఫొటోకి ముద్దు పెట్టావు. నేను చూశా."

"ఇప్పుడూ పెడతా. పెట్టి తిడతా."

అందరూ నవ్వారు. రూఫినో నవ్వలేదు. అతను మాట్లాడే మనిషి కాదు.

వరదలో రూఫినో డోలు పాడైపోయింది. తోలు ఉబ్బి చిరిగింది. నీళ్లు తీశాక ఇంట్లో బురద ఎత్తిపోసి, కుర్చీ వేసుకుని గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నెలలు అలాగే గడిచాయి. డెల్మిరా ఏడ్చినా లేవలేదు. ఒకరోజు చమోర్రో వచ్చాడు. చంకలో మేకతోలు చుట్ట. "డోలు లేకపోతే మా కుర్రాళ్లకి ఎప్పుడు పరుగెత్తాలో తెలియట్లేదండీ" అన్నాడు. అంతే. ఇద్దరూ వాకిట్లో కూర్చుని తోలు నానబెట్టి, లాగి, కట్టారు. లేచి నడవడం రూఫినోకి ఆ రోజు మళ్లీ వచ్చింది. దానికి అతను మాస్టారికి ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పడం చేతకాలేదు. డోలుతో చెబుదామనుకున్నాడు. మిగిలింది రేపు ఒక్కరోజే.

ఆట చప్పగా సాగింది. ఎవరూ గెలవలేదు. ఈల పడగానే చమోర్రో బెంచీ దగ్గర నుంచి లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, స్టాండు వైపు నడిచి వచ్చాడు. ఏమవుతుందో తెలియని మనిషి నడక అది.

రూఫినో పైపు ముక్క ఎత్తాడు. పై డివిజన్‌కి ఎక్కిన ఏడాది ఊరంతా పాడిన పాట ఎత్తుకున్నాడు.

*చమోర్రో మావాడు, ఏరు దాటించాడు.*

పాతవాళ్లు అందుకున్నారు. చమోర్రో తలెత్తాడు. అతని ముఖం కాస్త విచ్చుకుంటూ ఉంది. అంతలో కప్ప కంచె ఎక్కి చేతులు ఊపాడు. బాణీ అదే. దెబ్బ అదే. మాటలు మారాయి.

*చమోర్రో అమ్ముడయ్యాడు, ఏరు దాటిపోయాడు.*

రూఫినో ఇంకా గట్టిగా కొట్టాడు, పాత మాటలు పైకి వస్తాయని. అతను గట్టిగా కొట్టేకొద్దీ కొత్త మాటలకే ఊపు వచ్చింది. పాతవాళ్లు కూడా తెలియకుండానే అటు జారిపోయారు. పక్కన పళ్లు లేని ముసలమ్మ కళ్లు తుడుచుకుంటూ తిడుతూ ఉంది. డోలు రూఫినోది. చెయ్యి తనది. తిట్టు మాత్రం ఊరిది. చమోర్రో గడ్డి మధ్యలో నిలబడిపోయి డోలు వైపే చూస్తున్నాడు.

రూఫినో చెయ్యి ఆపేశాడు.

స్టాండు ఒక్కసారిగా మూగబోయింది.

"తాత పడిపోయాడ్రోయ్!" అని ఎవరో అరిచారు.

"పడలేదు" అన్నాడు రూఫినో.

"మాట తడబడుతోంది, పడుకోబెట్టండి!" కప్పే కంచె దూకి పరుగెత్తుకొచ్చాడు. "తాతా, నన్ను చూడు. నేనెవర్ని?"

"కప్పవి."

"తెలివి ఉంది! నీళ్లు, నీళ్లు!"

పదిమంది కలిసి వెల్లకిలా పడుకోబెట్టారు. ఒకడు బూట్లు విప్పాడు. ఒకామె టోపీతో విసిరింది. "నాకేం కాలేదు, వదలండ్రా" అన్నాడు. గుండె జబ్బు వాళ్లందరూ అలాగే అంటారన్నారు. చుట్టూ మోకాళ్లు, పైన ఆకాశం తప్ప మరేం కనిపించలేదు. లేచి కూర్చునేసరికి మైదానంలో ఎవరూ లేరు. నీళ్లు చల్లే గొట్టం ఒక్కటే తిరుగుతోంది.

మర్నాడు పొద్దున్నే రూఫినో చమోర్రో అద్దెకున్న ఇంటికి నడిచాడు. దారంతా ఒక్క మాటే కూడబలుక్కున్నాడు: డోలు నేనే ఆపాను మాస్టారూ.

పాత పెజో కారు పైన పరుపు కట్టి ఉంది. చమోర్రో తాడు ముడి బిగిస్తున్నాడు.

"రూఫినో గారూ! మీరెందుకు లేచారు? పడుకోవాలి కదా."

"బాగానే ఉన్నాను."

"మీ దగ్గరికి రావాలనే చూశాను. పోలీసులు స్టాండులోకి రానివ్వలేదు."

"నేను పడలేదండీ."

"మా నాన్న కూడా అలాగే అన్నాడు." చమోర్రో ముడి వైపు చూస్తూ అన్నాడు. "పాట మీరే ఎత్తుకున్నారుగా. విన్నాను."

ఏ మాటలతో విన్నాడో రూఫినోకి తెలియలేదు. "మాస్టారూ, ఆ డోలు…" అన్నాడు.

"డోలుదేముంది లెండి. ప్రాణం ముఖ్యం."

చమోర్రో కారెక్కి తాళం తిప్పాడు. ఇంజను దగ్గి ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. నదీ తేమకు ఆ ఊళ్లో అన్ని కార్లూ అంతే. రూఫినో వెనక్కి వెళ్లి చేతులు ఆనించాడు.

"అయ్యో, మీరొద్దు! ఈ గుండెతో…"

రూఫినో తోశాడు. వీధి వాలుగా ఉంది. కారు కదిలింది. భుజం ఆనించి ఇంకా తోశాడు. మూల దగ్గర ఇంజను అందుకుని నల్లటి పొగ కక్కింది. చమోర్రో కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అన్నాడు. వినపడలేదు. బ్రేకు దీపాలు వెలిగాయి. ఇప్పుడు ఆగితే బండి మళ్లీ చచ్చిపోతుంది.

"ఆపకండి మాస్టారూ!" రూఫినో గొంతు చించుకుని అరిచాడు. "ఆపకండి! పోనివ్వండి!"