తలుపు ఇవతల యూరోపా

మధ్యాహ్నం మూడుంబావుకల్లా చంద్రకాంతమ్మ కోడలిని పడమటి గదిలో పడుకోబెట్టి, కిటికీకి దుప్పటి కట్టి, తలుపు మూసేసింది. నవీనకు ఆరో నెల. చంద్రగ్రహణం చంద్రుడు ఉదయించకముందే మూడూ ఇరవైకి పట్టి, ఆరూ నలభై ఎనిమిదికి విడుస్తుంది. అంతదాకా వెల్లకిలా పడుకోవాలి. గోకరాదు, కాలు ముడవరాదు, వెలుగు తగలరాదు. ఫోను కూడా అత్త చేతికి పోయింది.

నాలుగింటికి నవీనకు వీడియోలో ఇంటర్వ్యూ. తిరుపతిలో ఒక సైన్సు కేంద్రంలో పిల్లలకు ఆకాశం గురించి చెప్పే ఉద్యోగం. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివి పాకాలలో నాలుగేళ్లు ఇంట్లోనే ఉన్నాక వచ్చిన మొదటి పిలుపు. తేదీ మార్చమని అడుగుదామనుకుని మానుకుంది. గ్రహణమని సైన్సువాళ్లతో చెప్పుకోవడం నామోషీ అనిపించింది. అత్తను ఎలాగో ఒప్పించుకోవచ్చులే అనుకుంది.

అత్త ఒప్పుకోలేదు. గట్టిగానూ మాట్లాడలేదు. "మీ బావ మొర్రి పెదివి సూసినావు గదా. వాడు కడుపులో ఉండంగా గ్రహణం పొద్దు నేను కత్తిపీట ముట్టుకున్న్యా," అంది, అంతే.

ఫోను మోగింది. తలుపు అవతల అత్త తడబడుతూ ఎత్తింది.

"నవీనగారేనా?"

"నేను వాళ్లత్తనప్పా. పిల్ల లోపలుండాది. కడుపుతో ఉండాది, గ్రహణం గదా. మీరడగండి, ఆడ్నించే సెప్తాది."

ఫోనులో ఎవరో నవ్వారు. నవీనకు చెవులు వేడెక్కాయి.

"సరే. యూరోపాకు పోతున్న వ్యోమనౌక గురించి పదేళ్ల పిల్లలకు చెప్పినట్టు చెప్పండి."

కదలకుండా, కప్పు వైపు చూస్తూ, గొంతు పెంచి చెప్పింది. గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామల్లో అదొకటి. పైనంతా మంచు పెంకు. దాని కింద మన సముద్రాలన్నీ కలిపినా సరితూగనన్ని నీళ్లున్నాయని అంచనా. ఆ నీళ్లలో ఏదైనా బతకగలదా అని తెలుసుకోవడానికే ప్రయాణం. నౌక అక్కడ దిగదు. గురుగ్రహం చుట్టూ ఉండే రేడియేషన్‌లో ఎక్కువసేపుంటే దాని యంత్రాలు పాడవుతాయి. అందుకే దగ్గరకు పోయి, తొంగిచూసి, దూరంగా వచ్చేస్తుంది. అలా దాదాపు యాభైసార్లు.

"అంత దూరం పొయ్యి దిగదా?" అత్త ఉండబట్టలేకపోయింది. "తిరప్తికి పొయ్యి కొండెక్కకుండా వచ్చినట్టుండాదే!"

ఈసారి అందరూ నవ్వారు. ఆ నవ్వు వేరు.

"నవీనగారూ, బాగా చెప్పారు. కానీ మనిషిని చూడకుండా మార్కులు వేయకూడదు, అది నియమం. రెండు నిమిషాలు కెమెరా ముందుకు రండి. లేకుంటే తరువాతివాళ్లను పిలవాల్సి వస్తుంది."

"అత్తా, గడియ తియ్యి! రెండే నిమిషాలు."

అత్త అడుగులు తలుపు దగ్గరికి వచ్చాయి. తరువాత అత్త గొంతు దించి అంది: "గడియ ఎవురేసినారు మే? తలుపు ఊరికే దగ్గరికేసినా. నేను రమ్మని సెప్పను, వద్దనీ సెప్పను."

చాపకు నాలుగడుగుల దూరంలో తలుపు. ఇదంతా ఉత్తదని నవీనకు తెలుసు. ఎందుకు ఉత్తదో బల్లమీద మూడు బంతులు పెట్టి పిల్లలకు చూపించగలదు కూడా. లేవడానికి మోకాలు ముడిచింది. లోపల బిడ్డ కదిలింది.

"మేడమ్, వస్తున్నారా?"

"వస్తా ఉండాది సార్, ఒక్క నిమిషం ఆగండప్పా," అంది అత్త.

నవీన మోకాలిని మెల్లగా చాపింది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది.

"రాలేనని చెప్పత్తా."