ఎడమ పక్క చోటు

నేను ఒక కళ్లజోడుని. నల్లటి లావు ఫ్రేము, విరిగిన కుడి కాడకి చుట్టిన జరీ తీగ, ఇవే నా ఆనవాళ్లు. ఉప్పాడలో ఒక మగ్గం గదిలో గోడ మేకుకి వేలాడుతున్నాను. నన్నిప్పుడు ఎవరూ పెట్టుకోరు. వెనక కళ్లు లేని కళ్లజోడుకి లోకమంతా మసకే. అయినా మొన్న ఈ గదిలో ఒకటి జరిగింది. అది చెప్పుకోకపోతే నాకు నెమ్మది లేదు.

నేను పుట్టింది కాకినాడలో, పేర్రాజు డాక్టరుగారి ఆసుపత్రి వరండాలో కూర్చునే అద్దాలాయన చేతుల్లో. ఆ రోజు ఆయన ఒకే రకం ఫ్రేములు రెండు తీశాడు. ఒకదానికి నూకరాజు కళ్లకి తగిన అద్దాలు బిగించాడు. అది నేను. రెండోదానికి నూకరాజు భార్య వరహాలమ్మ కళ్లకి తగినవి బిగించాడు. అది నా తోడబుట్టింది. రంగైనా మార్చుకోమంటే నూకరాజు వినలేదు.

"ఒకటే రకం ఇచ్చెయ్యండి బాబూ. ఆవిడిది బాగుంది, నాది బాగోలేదని రేపు నేను పేచీ పెడతాను."

ఇద్దరూ నేతగాళ్లు. జాందానీ చీర నేతకి ఒక మగ్గం మీద ఇద్దరు పక్కపక్కనే కూర్చోవాలి. ఆయన ఎడమ పక్కన, ఆవిడ కుడి పక్కన. పువ్వుకి వాడే జరీ చిన్న చిన్న కండెలకి చుట్టి ఆయన పక్కన బుట్టలో ఉండేది. చేతిలో కండె అయిపోతే వరహాలమ్మ తల తిప్పేది కాదు, నోరు విప్పేది కాదు. ఎడమ చేయి చాపేది. కొత్త కండె వచ్చి ఆ చేతిలో పడేది. ఏడేళ్లు ఆయన ముక్కు మీద కూర్చుని చూశాను, ఆ చేయి ఒక్కసారి కూడా ఖాళీగా వెనక్కి వెళ్లలేదు.

ఏటా ఇద్దరూ కళ్లు చూపించుకోవడానికి పేర్రాజుగారి దగ్గరికే వెళ్లేవాళ్లు. గోడ మీద అక్షరాల అట్ట ఎప్పుడూ అదే. ముందు నూకరాజు గట్టిగా చదివేవాడు. వెనక బెంచీ మీద కూర్చుని విన్న వరహాలమ్మ, తన వంతు రాగానే అవే అక్షరాలు గడగడా అప్పజెప్పేది. మోసం చెయ్యాలని కాదు. ఆసుపత్రికి వస్తే తప్పు చదవకూడదని ఆమె నమ్మకం. డాక్టరుగారు "భేష్" అనేవారు, ఆమె బడిపిల్లలా మురిసిపోయేది. మనుషులకి జబ్బు కన్నా మార్కుల భయం ఎక్కువ.

కిందటి ఏడు నూకరాజు గుండె ఆగి చనిపోయాడు. పడుకోబెట్టినప్పుడు ఆ మొహం బోసిగా ఉంటే, "కళ్లజోడు పెట్టండ్రా, ఆయనలా లేరు" అని వరహాలమ్మ ఏడ్చింది. గూట్లో మేమిద్దరం ఉన్నాం. ఏడుపుల మధ్య ఎవరో చేతికందిన దాన్ని తీసుకెళ్లారు. పదకొండో రోజున ఆమె నన్ను పెట్టుకుంటే నేల ఒరిగినట్టయింది. తీసి చూసుకుంది. కాడకి జరీ తీగ కనబడింది. ఆయన జోడు ఇంట్లో మిగిలింది, తన జోడు ఆయనతోపాటు కాలిపోయింది.

కోడలు భవాని కొత్తవి చేయిద్దామంది. వరహాలమ్మ ఒప్పుకోలేదు. "ఆయన నా కళ్లతో ఎల్లారు. నేను ఆయన కళ్లతో ఉంటాను" అంది. నా అద్దాలు ఆమెకి నప్పవు. తలనొప్పి పెడుతున్నానని తెలిసి కూడా ఏం చెయ్యగలను? నాకు సిగ్గుగా ఉండేది.

ఆ తర్వాత మెరుపులు మొదలయ్యాయి. పట్టపగలు ఆమె ఎడమ కంటి చివర జరీ తళుక్కుమన్నట్టు ఏదో మెరిసేది. కొన్నాళ్లకి అక్కడే ఒక నీడ నిలబడింది. నా అద్దం మీద మరకేమోనని చెంగుతో తుడిచింది. నన్ను తీసి చూసింది. నీడ అక్కడే ఉంది, ఎడమ పక్కన, సరిగ్గా ఆయన కూర్చునే చోట. వరహాలమ్మ భయపడలేదు. సర్దుకుని కూర్చుని, "వచ్చారా" అంది.

భయపడింది నేను. ఏడేళ్లు ఆ మనిషి చెవులు పట్టుకుని బతికినదాన్ని. ఆయనే అయితే నాకు తెలియదా? ఆ నీడకి చెమట వాసన లేదు, దగ్గు లేదు. ఆమె మాత్రం దానితో కబుర్లు చెప్పేది. భవాని సాయంగా కూర్చోబోతే, "అక్కడ చోటు లేదమ్మా" అని, కండెలు తానే తీసుకుంటూ ఒక్కతే మెల్లగా నేసేది. నీడ వారం వారం పెద్దదవుతుంటే ఆమె మొహం వెలిగిపోయేది.

చివరికి అమ్మిన చీర ఒకటి తిరిగొచ్చింది. ఎడమ అంచు వెంట నెమళ్లకి తోకలున్నాయి, తలల్లేవు. భవాని చీర మడిచి పక్కన పెట్టి బీమా కార్డు తీసింది. ఆ ఏడే నేతగాళ్ల సొసైటీ పాత బీమా మార్చింది. కొత్త బీమా పట్టికలో పేర్రాజుగారి పేరు లేదు. కంటి డాక్టర్లు ముగ్గురే ఉన్నారు. ఒకరి నంబరు ఎవరిదో టైర్ల కొట్టుది. రెండోవాళ్లు శుక్లాలు తప్ప ఇంకేం చూడమన్నారు. మూడో చోట ఫోను ఎత్తినామె, కార్డు మీద పేరు, ఆధార్ మీద పేరు ఒకటేనా అని నాలుగుసార్లు అడిగింది కానీ కంటికి ఏమైందని ఒక్కసారి అడగలేదు. ఎలాగైతేనేం, బుధవారం రమ్మంది.

"తెలియని డాక్టరు నాకొద్దే. పేర్రాజుగారికి నా కళ్లు తెలుసు" అని వరహాలమ్మ దారంతా గొణిగింది.

కొత్త డాక్టరు నీరజ చిన్న వయసు పిల్ల. ముందు కుడి కన్ను చూసి, దాన్ని మూయించి చదవమంది. వరహాలమ్మ వెన్ను నిటారుగా పెట్టి మొదలెట్టింది.

"గ. ప, ర. ట, ల, న..."

ఎదుట ఉన్నది అట్ట కాదు, వెలిగే తెర. దాని మీద ఆ అక్షరాల్లో ఒక్కటీ లేదు. వెనక బెంచీ మీద భవాని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఇవి ఎవరు చెప్పారమ్మా మీకు?"

"మా ఆయన. ఇక్కడే ఉన్నారు, ఎడం పక్కని."

నీరజ నవ్వలేదు. కుడి కన్ను తెరిపించి, చేత్తో ఆమె ఎడమ కన్ను మూసింది. "ఇప్పుడున్నారా?"

వరహాలమ్మ ఎడమ పక్కకి తల తిప్పి చూసింది. "లేరు."

చాలాసేపు లైటు వేసి కంటి లోపల చూశాక, డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "కంటి వెనక పొర ఊడుతోందమ్మా. నీడ దానిదే. ఈ కంటికి పవరు పెరిగి ఏళ్లయింది, ఎవరికీ తెలియలేదు, దాంతో పొర పలచబడింది. ఈ వారంలో ఆపరేషన్ చేస్తే కన్ను నిలబెట్టొచ్చు. ఆలస్యమైతే ఆ నీడే కన్నంతా కమ్మేస్తుంది."

"దగ్గరకొత్తన్నారనుకున్నానమ్మా" అంది వరహాలమ్మ. "అది తీయించుకుంటే ఆయన్ని రెండోసారి పంపేసినట్టు కాదా?"

డాక్టరు ఆపరేషన్ చీటీ రాసి భవాని చేతిలో పెట్టింది. ఇంటికొచ్చేశాం. రెండు రోజులు భవాని బతిమాలింది, కోప్పడింది, అన్నం మానేసింది. వరహాలమ్మ నేస్తూ కూర్చుంది. నా అద్దం తడిసిపోతూనే ఉంది.

మూడో రోజు పొద్దున్న చేతిలో కండె అయిపోయింది. పాత అలవాటు. తల తిప్పకుండా ఎడమ చేయి చాపింది. నీడ అక్కడే ఉంది, మునుపటికన్నా దగ్గరగా. చేయి అలాగే ఉండిపోయింది.

"భవానీ" అని పిలిచింది. "ఇన్నాళ్ల నుంచీ పక్కనే కూర్చున్నాడు కదా, ఒక్క కండె అందివ్వలేదే. మీ మావయ్యయితే అందిచ్చేవోరు. ఈడెవడో మనకి తెలీదు. కార్డు తియ్యి."

ఆపరేషన్ అయింది. కన్ను మునుపటంత కాకపోయినా నిలబడింది. నీడ పోయింది. కొత్త అద్దాలు వచ్చాయి, సన్నటి ఫ్రేము, నా పక్కన పెడితే మనవరాలిలా ఉంటుంది. ఆ రోజు వరహాలమ్మ నన్ను తుడిచి, కళ్లకద్దుకుని, ఈ మేకుకి తగిలించింది. ఎడమ పక్క చోట్లో భవాని కూర్చుంది. కండెల బుట్ట ఆమెకి అవతల పక్కన, గోడవైపు ఉంటుంది. వరహాలమ్మకి అందదు.

మొన్న మధ్యాహ్నం పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని భవాని లోపలికి పరిగెత్తింది. వరహాలమ్మకి అది తెలియలేదు, చూపంతా పువ్వు మీద ఉంది. కండె అయిపోయింది. చేయి చాపింది. నాకంతా మసకే అన్నాను కదా, ఆ చేయి మాత్రం తెలిసింది. కొంచెంసేపు ఉంది. వేళ్లు మూసుకున్నాయి. చేయి మగ్గం మీదకి వెళ్లింది, నేత సాగింది.

భవాని తిరిగొచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"కొత్త కండె ఎవరిచ్చారు అత్తయ్యా?"

వరహాలమ్మ చేతిలోని నిండు కండె వైపు చూసుకుంది. తర్వాత కొత్త అద్దాల్లోంచి, బాగైన కంటితో, ఎడమ పక్కకి తిరిగి చూసింది. అక్కడ నీడ కూడా లేదు.