ఛైర్మన్‌గారి గొంతు

ఛైర్మన్‌గారికి బాధపడటం రాలేదు. స్టూడియోలో అందరికీ తలనొప్పి అదే.

ఆయన ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి మనుషులు పోయారు. వాళ్ల కుటుంబాలతో ఆయనే స్వయంగా మాట్లాడే వీడియో ఒకటి తీద్దామన్నారు. మాటలు ఎవరో చక్కగానే రాసిచ్చారు. అవి ఆయన నోట్లో పడేసరికి రైళ్ల రాకపోకల ప్రకటనలా వస్తున్నాయి. అందుకని గొంతు టీచరమ్మకు కబురెళ్లింది. వార్తలు చదివేవాళ్లకూ, ప్రకటనలకు గొంతిచ్చేవాళ్లకూ ఏ మాట దగ్గర ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నేర్పడం ఆవిడ పని. పోయినవాళ్లలో ఆవిడ సొంత అన్న కూడా ఉన్నాడని మాత్రం అక్కడ ఎవరికీ తెలీదు. ఆవిడా చెప్పలేదు.

బాయిలర్ బాగాలేదని అన్న మొత్తుకుంటూనే ఉన్నాడు. విన్న పాపాన పోలేదు ఎవరూ. ఇప్పుడు మిగతా కుటుంబాలన్నీ రాజీకి వచ్చాయి, వదిన ఒక్కతే మొండికేసింది. "తప్పు మాదేనని కోర్టులో ఒప్పుకోనీ. ఆ మాట వినేదాకా నేను కదలను" అంటుంది. ఆ మొండితనమే టీచరమ్మకు కొండంత అండ.

మరి అలాంటి ఛైర్మన్ దగ్గరికి పాఠం చెప్పడానికి టీచరమ్మ ఎందుకెళ్లినట్టు? తను కాదంటే ఇంకెవరినో పట్టుకొస్తారు, వాళ్లు శ్రద్ధగా నేర్పిపెడతారు. తనే వెళ్లి, 'బాగుంది సార్, బాగుంది' అని ఆ మొద్దు గొంతును మొద్దుగానే వదిలేస్తే సరి. ఆయనగారి జాలి ఏపాటిదో అందరూ వింటారు!

గాజు గదిలో ఛైర్మన్‌గారు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని బుద్ధిగా కూర్చున్నాడు. "నాకిది చేతకాదమ్మా. మీరెలా చెప్తే అలా" అన్నాడు. చదివాడు. చెక్కమీద చెక్క కొట్టినట్టుంది. "బాగుంది సార్" అంది టీచరమ్మ. డైరెక్టర్‌కు నచ్చక, "వెనకాల కాస్త వయొలిన్ పడితే సర్దుకుంటుందిలెండి" అని సంగీతం కలిపి వినిపించాడు. ఇంకా అన్యాయంగా ఉంది. టీచరమ్మ లోలోపల నవ్వుకుని బ్యాగు భుజాన వేసుకుంది.

"ఆఖరుసారి" అంటూ ఆయన మళ్లీ అందుకున్నాడు. "పొద్దున పనికి వెళ్లిన మనిషి సాయంత్రం ఇంటికి రాలేదు." బరువంతా తీసుకెళ్లి 'సాయంత్రం' మీద పడేశాడు.

తప్పు. శుద్ధ తప్పు. ఏళ్ల తరబడి తప్పు వినగానే దిద్దడానికి అలవాటుపడ్డ చెవి అది. అందులోనూ అన్న చావు గురించిన మాట! నోరు ఆగలేదు.

"అలా కాదు సార్! 'మనిషి' అన్నాక ఆగండి. ఆగారు కదా అని ఊపిరి తీసుకోకండి. ఉన్న ఊపిరితోనే మిగతాది లాక్కురండి. చాలకపోతే చాలకపోనివ్వండి" అని, తనే చెప్పి చూపించింది.

గొంతు ఆవిడదే, ఏడుపు వదినది. కబురు తెలిసిన రోజున గుమ్మంలో కూలబడి వదిన ఆ మాట అన్నది అచ్చం అలాగే. టీచరమ్మ కావాలని తెచ్చుకోలేదు. అదే వచ్చేసింది.

ఛైర్మన్‌గారు ఇట్టే పట్టేశాడు. డైరెక్టర్ కళ్లు తుడుచుకుని, "అదీ! వయొలిన్ ఇంకాస్త పెంచుదాం" అన్నాడు.

"వద్దు, తీసెయ్యండి. సంగీతం ఉంటే ఎవరూ నమ్మరు" అంది టీచరమ్మ. అనేసి నాలిక కరుచుకుంది. అప్పటికే తీసేశారు.

ఇంటికి వెళ్తున్నంతసేపూ ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది. పని బాగా కుదిరిందని మనసులో ఏ మూలో తృప్తిగా ఉంది మరి.

వీడియో బయటికొచ్చాక వదినను చూడ్డానికి వెళ్లింది. వదిన అన్న చొక్కాలు మడతపెడుతోంది. కళ్లు వాచాయి గానీ ముఖం తేటపడింది.

"పొద్దున్నే వెళ్లి రాజీకి సంతకం పెట్టేసి వచ్చానమ్మా."

"అదేంటి వదినా! తప్పు ఒప్పుకున్నాడా?"

"లేదనుకో. అయినా ఆ గొంతు విన్నావా నువ్వు? అచ్చం నాలాగే ఊపిరందక ఆగిపోయాడు. అంత కుమిలిపోయే మనిషిని ఇంకా కోర్టులకు ఈడ్చి ఏం బావుకుంటాం?"

టీచరమ్మ వదిన చేతిలోని చొక్కా పట్టుకుని ఆపింది. "అది... నేనే నేర్పాను వదినా. ఎక్కడ ఆగాలో, ఊపిరి ఎక్కడ... అంతా నేనే. ఆయనకేం తెలీదు. నీ ఏడుపే అది, నేనే తీసుకెళ్లి ఇచ్చాను."

గొంతు పీలగా వచ్చింది. ఆగకూడని చోటల్లా ఆగింది. ఇలా చెప్పిన శిష్యుణ్ణి ఆవిడే 'ఎవరూ నమ్మరు, మళ్లీ చెప్పు' అనేది.

వదిన జాలిగా చూసి, పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరింది.

"నీ కడుపుమంట నాకు తెలీదా? అయినా అంత మాటనకు, పాపం. ఏడుపు ఎవరైనా నేర్పితే వస్తుందా?" అంటూ ఫోను తీసి, ఇద్దరికీ వినపడేలా ఛైర్మన్‌గారిని మళ్లీ మొదట్నుంచి పెట్టింది.