పక్క తట్టలో గుప్పెడు

చేతులు చూసి తవిటమ్మ వయసు చెప్పమంటే ఎవరైనా అరవై అంటారు. ముఖం చూసి చెప్పమంటే నలభై. మధ్యలోని ఇరవై ఏళ్లూ పలాస దగ్గర జీడిపప్పు ఫ్యాక్టరీలో పోయాయి.

మిషను మీద జీడిపిక్క పెట్టి కాలితో తొక్కితే పెంకు చీలాలి, లోపలి పప్పు విరగకూడదు. చీలినప్పుడల్లా పెంకులోని నూనె వేళ్లను కాలుస్తుంది. ఆముదం, బూడిద రాసుకుంటారు గాని, జీడికి అవి ఒక లెక్కా? ఆ షెడ్డులో తవిటమ్మంత నిండు పప్పు తీసేవాళ్లు లేరు. మిషను మొరాయిస్తే మెకానిక్కు కోసం ఎవరూ చూడరు. ఆమే విప్పి, కత్తి సానబెట్టి బిగించేస్తుంది.

అందుకే గురువారం మరిది హరిబాబు వచ్చాడు. కోటబొమ్మాళిలో అతనిది కుట్టు మిషన్లు బాగుచేసే షాపు.

"వదినా, నీ సెయ్యి పడితే సచ్చిన మిషను లేస్తాది. నా కాడ నీడ ఉన్నాది, ఫ్యాను ఉన్నాది. అన్నయ్య పోయి ఆరేళ్లయింది, ఇంకా ఆ జీడి పొగలో ఏటి సేస్తన్నావు? దగ్గి దగ్గి సస్తావా?"

"సస్తే నీ పెళ్లాం నా కోకలు కట్టుకుంటాదిలే," అని నవ్వింది గాని, ఆ నవ్వు దగ్గులోకి దిగిపోయింది.

"సోమారం వస్తావా?"

"సూద్దాం."

ఆ మాట వెనక నారాయణమ్మ ఉంది. పక్క మిషను ముసలమ్మ. పనిలో చేరిన మొదటి రోజు తవిటమ్మ వేళ్లు బొబ్బలెక్కి ఏడుస్తుంటే, తన ఆముదం సీసా ముందుకు తోసిన మనిషి. కొన్నేళ్లుగా ఆమెకు చూపు ఆనదు. సాయంత్రం తట్టలో ముక్కలు ఎక్కువ కనిపిస్తే మేస్త్రి ఎల్లాజీ "రేపు రాకు" అనేస్తాడు. అందుకని మేస్త్రి వచ్చేలోగా తవిటమ్మ తన నిండు పప్పు గుప్పెడు పక్క తట్టలో వేసి, ఆ ముక్కలు గుప్పెడు తన తట్టలోకి తెచ్చుకుంటుంది. కనపడని ముసలమ్మకు ఏం తెలుస్తుంది? తాను మానేస్తే ఆ మర్నాడే ఆమెను పంపేస్తారు.

శనివారం నారాయణమ్మ పనికి రాలేదు. సాయంత్రం ఇంటికెళ్లి చూస్తే, మంచం మీద గోడకానుకుని ఊపిరి కోసం భుజాలు ఎగరేస్తోంది. కోడలు రాజకుమారి గంజి తాగిస్తోంది.

"మానీమని ఎన్నిసార్లు సెప్పినాం పిన్నీ! తిండికి లోటా? కళ్లకి ఆపరేషను సేయించి నాలుగేళ్లయింది, బియ్యంలో రాళ్లు ఏరతాది. షెడ్డులో మాత్రం సెప్పొద్దంది."

నాలుగేళ్ల కిందట నారాయణమ్మ పది రోజులు జ్వరమని పనికి రాకపోవడం తవిటమ్మకు గుర్తొచ్చింది.

"కళ్లు కనిపిస్తన్నాయా అత్తా?"

"సెయ్యే వణుకుతాది గాని, కళ్లకేటి? నువ్వు నా తట్టలో ఏస్తన్నావని తెలుసే," అంది నారాయణమ్మ, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ. "నీ మొగుడు పోయినప్పుడు ఎవుళ్లతోనీ మాటాడీదానివి కాదు. నాకు పప్పు ఏసినప్పుడే నీ మొకంలో కాస్త కళ ఉండీది. నేను మానేస్తే ఒక్కర్తివీ అయిపోతావని... నువ్వు మానీవరకూ ఉందామనుకున్నాను."

"నీ కోసమే కదే నేనున్నాను!"

ఇద్దరూ ఒకరి వేళ్లు ఒకరు చూసుకున్నారు.

"ఎల్లిపో తల్లీ," అంది ముసలమ్మ. "మొన్న సెప్పినావు గదా, ఆ మరిది కాడికి ఎల్లిపో."

ఆదివారం పొద్దున్నే నారాయణమ్మ పోయింది. స్నానం చేయించినప్పుడు తవిటమ్మ ఎంత రుద్దినా ఆ వేళ్లకు పట్టిన జీడి నలుపు వదల్లేదు.

సోమవారం, మానేస్తున్నానని చెప్పడానికే ఫ్యాక్టరీకి వెళ్లింది. నారాయణమ్మ పీట మీద అప్పటికే కొత్త మనిషి కూర్చుని ఉంది. పేరు భారతి, భావనపాడు నుంచి వచ్చిన చేపలమ్మే మనిషి. పిక్క ఎటు పెట్టాలో తెలియక వేలు కాల్చుకుని ఊదుకుంటోంది. తవిటమ్మ ఆముదం సీసా అటు తోసింది. ఈ ఒక్క పూటా నేర్పి పోదామని కూర్చుంది.

సాయంత్రం ఎల్లాజీ తట్టలు చూసుకుంటూ వస్తున్నాడు. భారతి తట్ట నిండా ముక్కలే.

"ఏటమ్మా, నా తట్టలో ఏస్తన్నావు?" అంది భారతి.

"ఊరుకోయే. అటు సూడు."

మేస్త్రి దాటిపోయాక ఫోను మోగింది. హరిబాబు.

"వదినా, నీకు స్టూలు ఏసి ఉంచినాను. ఏ బండికి వస్తన్నావు?"

తవిటమ్మ దగ్గు ఆగేదాకా ఆగింది.

"ఈ వారం కాదులే హరీ. ఇక్కడ కొత్త మనిషి సేరింది. పాపం, దానికి పని రాదు."